లోయ పక్క ఊళ్ళో కళల సంతలు

ఆరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊళ్ళో మేం కాపురం ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి చుట్టాల రాక ఆగలేదు. మా మీద ప్రేమ కొంత, గ్రాండ్ క్యానియన్ లోయ మా ఇంటికి ఎనభై మైళ్ళే కావడం మిగతాది. ఫీనిక్స్ నుంచి, బే ఏరియా నుంచి, ఒక్కోసారి న్యూజెర్సీ నుంచి కూడా దిగేవారు. ముందురోజు రాత్రే పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్ది, తెల్లారగానే అందరినీ కారెక్కించేదాన్ని. లోయ అంచున మాథర్ పాయింట్ దగ్గర అడ్డు కమ్మీలు పట్టుకుని అందరూ ఒకేసారి "అబ్బా" అనేవారు. తర్వాత ఫోటోలు. అర్ధగంట గడిచేసరికి పిల్లలు "ఇంకేముంది ఇక్కడ?" అని మొదలుపెట్టేవారు. పెద్దవాళ్ళు పైకి అనేవారు కాదు గానీ వాళ్ళ మొహాల్లోనూ అదే ప్రశ్న. వాళ్ళని తప్పు పట్టలేను. మైలు లోతు, 277 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల పద్దెనిమిది మైళ్ళ వెడల్పు. అంతటి దాని ముందు నిలబడితే చూపు ఎక్కడ ఆనించాలో తెలియదు. మొదటి ఏడాదంతా నా పరిస్థితీ అదే.

ఆ లోయ నాకు అందింది వ్యూపాయింట్ల దగ్గర కాదు. వేసవి పొడుగునా ఆ చుట్టుపక్కల జరిగే కళల సంతల్లో, డేరాల కింద మడత కుర్చీలు వేసుకుని చేతిపని చేసుకుంటూ కూర్చున్న మనుషుల దగ్గర. మా ఆయనకి అక్కడి యూనివర్సిటీలో రీసెర్చ్ ఉద్యోగం. నాకు వీసా వల్ల ఉద్యోగం చేసే వీల్లేదు. ఊరు చిన్నది. తెలుగువాళ్ళంటే చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. ఉగాదికి గుడికి వెళ్ళాలంటే ఏడు వేల అడుగుల ఎత్తు నుంచి కిందికి దిగి ఫీనిక్స్ పోవాలి. పొద్దు గడవని మనిషి నలుగురు గుమిగూడిన చోటికల్లా వెళ్తుంది కదా, నేనూ అలాగే తిరిగాను.

నెల నెలా మొదటి శుక్రవారం సాయంత్రం డౌన్‌టౌన్‌లో ఆర్ట్‌వాక్ ఉండేది. గ్యాలరీలు, దుకాణాలు రాత్రిదాకా తెరిచి బొమ్మలు పెట్టేవారు, మూల మూలనా ఎవరో ఒకరు పాడేవారు. రూట్ 66 రోడ్డును ఆనుకునే రైలు పట్టాలు. గూడ్సు బండి కూతపెడుతూ వచ్చిందంటే గిటార్ అబ్బాయి వాయించడం ఆపి, బండి పోయాక ఆపిన చోటి నుంచే అందుకునేవాడు. ఆ బళ్ళేమో ఎంతకీ తెగవు. నిజం చెప్పాలంటే బొమ్మల కోసం కన్నా గ్యాలరీల్లో ఊరికే పెట్టే చీజ్ ముక్కల కోసం, వేడి సైడర్ కోసం వెళ్ళిన శుక్రవారాలే ఎక్కువ.

అసలు సంగతి ఊరి చివర, క్యానియన్‌కి పోయే దారిలో ఉన్న మ్యూజియం ఆఫ్ నార్తర్న్ ఆరిజోనాలో. 1928లో పెట్టిన మ్యూజియం అది. దాని వెనక ఉన్నది హెరాల్డ్ కోల్టన్, మేరీ రస్సెల్ ఫెరెల్ కోల్టన్ అనే దంపతులు. ఆయన జంతుశాస్త్రం ప్రొఫెసర్, ఆవిడ చిత్రకారిణి. 1930లో ఆవిడ చొరవతో హోపీ అనే ఆదివాసీ తెగవాళ్ళ చేతిపనుల ప్రదర్శన మొదలైంది. నేనున్న రోజుల్లో అది పెరిగి వరస పండగలైంది. మే నెల చివర జూనీ తెగది, జులై 4 సెలవులప్పుడు హోపీలది, ఆగస్టు మొదట్లో నావహో తెగది. పైన్ చెట్ల కింద డేరాలు, మధ్యలో నాట్యానికి ఖాళీ జాగా, ఒక పక్క తిండి దుకాణాలు. చాలాసార్లు వెళ్ళాను గానీ, తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అమ్మా నాన్నా వచ్చిన వేసవే.

మాది ధర్మవరం. నాన్న పట్టుచీరలు నేసేవాడు. వీసా వచ్చి, ఆరు నెలలు ఉండేట్టుగా దిగారు ఇద్దరూ. మొదటి వారమే నాన్న స్వెటర్, మంకీ క్యాప్ తగిలించుకుని వరండాలో కూర్చుని, "ఎడారి అంటివి కదా పాపా, జూన్‌లో ఇట్ల చలేస్తాండాదేంది?" అన్నాడు. ఎడారి ఇక్కడ కాదు నాన్నా, గంట దూరం దిగితే వస్తుంది అంటే నమ్మలేదు. టీవీలో సీరియళ్ళు అయిపోయాయి, పార్కు చుట్టూ నడకలు అయిపోయాయి. హోపీ పండగకి తీసుకుపోయాను.

హోపీల ఊళ్ళు ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఈశాన్యంగా, మూడు మెసాల మీద, వాటి దిగువన ఉంటాయి. మెసా అంటే పైన చదునుగా, పక్కలు నిట్టనిలువుగా ఉండే కొండ. వాటిలో ఒరైబీ అనే ఊళ్ళో దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నుంచి జనం కాపురం ఉంటున్నారు. గ్రాండ్ క్యానియన్ లోపలి ఒక చోటి నుంచే తమ పూర్వీకులు ఈ లోకంలోకి వచ్చారని వాళ్ళ నమ్మకం. వాన ఏడాదికి పది అంగుళాలు పడితే గొప్ప. ఆ ఇసుక నేలలో కర్రతో లోతుగా గుంత చేసి, అడుగున ఉన్న తేమ తగిలేలా మొక్కజొన్న గింజలు వేస్తారు. కాలవ లేదు, బోరు లేదు. అనంతపురం జిల్లావాడికి ఈ ముక్క చెప్పాక ఇంక వేరే పరిచయం అక్కర్లేదు. డేరాల్లో ఉన్న ముసలివాళ్ళందరినీ నాన్న ఆ క్షణం నుంచి రైతులుగానే చూశాడు. వాళ్ళు చెక్కిన బొమ్మలు, అల్లిన తట్టలు తర్వాతి సంగతి.

ఆ బొమ్మలు కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చెక్కుతారు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. కచీనాలనే దేవతా రూపాలవి. ఆడపిల్లలకి ఇచ్చేవి, ఇంట్లో వేలాడదీసేవి. చెక్కేవాళ్ళు అందరి ఎదుటే కూర్చుని చిన్న కత్తితో చెక్కుతూ, అడిగినదానికి జవాబు చెప్తూ ఉంటారు. అడగనిది చెప్పరు. కొన్ని ప్రశ్నలకి నవ్వి ఊరుకుంటారు. హోపీ ఊళ్ళకి వెళ్తే ఫోటోలు తీయకూడదు, బొమ్మ గీసుకోకూడదు, రికార్డు చేయకూడదు. మా చుట్టాల్లో ఒకరిద్దరు దీనికి నొచ్చుకున్నారు. నాకైతే మంచి నియమమే అనిపించింది. ఫోన్ జేబులో ఉంటే మనిషి కాస్త ఎక్కువ చూస్తాడు.

వెండి నగల డేరా దగ్గర ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. హోపీ వెండి పని చూడగానే గుర్తుపట్టొచ్చు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి. పై రేకులో మబ్బు, ఎలుగుబంటి పాదం, మొక్కజొన్న కంకి లాంటి రూపం కత్తిరిస్తారు, కింది రేకుని నల్లబరుస్తారు. వెయ్యేళ్ళ నాటి పనితనం అనుకున్నాను. కాదు. 1930ల చివర్లో, నావహో, జూనీ నగలకి భిన్నంగా హోపీలకంటూ ఒక శైలి ఉండాలని ఈ మ్యూజియం వాళ్ళే పూనుకున్నారు. పాత కుండల మీది, తట్టల మీది రూపాలు తీసుకుని నమూనాలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన హోపీ కుర్రాళ్ళకి ఫ్రెడ్ కబోటీ, పాల్ సౌఫ్కీ ఆ పని నేర్పారు. 1949లో సంఘం పెట్టుకున్నారు. అంటే ఈ 'ప్రాచీన' శైలి వయసు మా నాన్న వయసుకి అటూ ఇటూ. బయటివాళ్ళు వచ్చి "మీ కళ ఇలా ఉండాలి" అని చెప్పడం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. కానీ నేర్చుకున్నవాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు, దాని మీద ఇళ్ళు గడిచాయి, ఇప్పుడు అది వాళ్ళదే. దీంట్లో మంచి ఎంత, చెడు ఎంత అని తూచడం నా వల్ల కాదు.

అమ్మ మాత్రం నగల దగ్గర ఆగలేదు. పొగ వాసన పట్టుకుని వెళ్ళి ఒక పొయ్యి ముందు నిలబడిపోయింది. పొయ్యి మీద నల్లగా, నున్నగా ఒక రాతి పలక. నీలి రంగు మొక్కజొన్న పిండిని బూడిద కలిపి పల్చగా జారుగా చేసుకుని, ఒక పెద్దావిడ అందులో చెయ్యి ముంచి, ఆ కాలే రాయి మీద వట్టి అరచేత్తో ఒక్క ఊపున పూస్తోంది. రెండు మూడు పూతలకి రాయి నిండింది. కళ్ళు మూసి తెరిచేలోపు అంచు లేచింది. కాగితం కన్నా పల్చటి రేకు, బూడిద రంగు నీలం. దాన్ని తీసి, ఇంకో రేకు మీద వేసి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది. దాని పేరు పీకీ.

"పూతరేకు కదే ఇది!" అంది అమ్మ. నిజంగానే పూతరేకే. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో పూస్తారు, ఇక్కడ గుడ్డ కూడా లేదు, అంతే తేడా. అమ్మ చూపంతా ఆవిడ అరచేతి మీదే. "ఆయమ్మకి చెయ్యి కాలదా అడుగు" అంది. అడిగాను. చిన్నప్పుడు కాలేది, ఇప్పుడు రాయికే నా చెయ్యి అలవాటైంది అని నవ్విందావిడ. ఆ రాయి వాళ్ళ అమ్మమ్మదట. ఆ రాళ్ళు తల్లి నుంచి కూతురికి వస్తాయి, కొత్త రాయిని పొయ్యికి పదును చేయడం పెద్ద పని. ఒక చుట్ట అమ్మ చేతిలో పెట్టింది. నెయ్యి, బెల్లం ఏమీ లేవు. నోట్లో వేసుకుంటే మొక్కజొన్న వాసన, కొంచెం పొగ వాసన, కరిగిపోయింది. అమ్మ ఇంకో రెండు చుట్టలు కొనిపించి, ఇంటికొచ్చాక వాటిలో నెయ్యి, చక్కెర వేసి మడిచింది. హోపీలు ఒప్పుకుంటారో లేదో గానీ బ్రహ్మాండంగా ఉంది.

ఆ మధ్యాహ్నమే వాన వచ్చింది. జులైలో అక్కడ రోజూ మధ్యాహ్నం మబ్బులు ఊరి పక్కనున్న శాన్ ఫ్రాన్సిస్కో కొండల మీద పేరుకుని, ఉరుములతో విరుచుకుపడతాయి. దాన్ని అక్కడివాళ్ళు కూడా మాన్సూన్ అనే అంటారు. వాన తెచ్చే కచీనాలు ఏడాదిలో సగం ఆ కొండల మీదే ఉంటాయని హోపీల విశ్వాసం. చినుకులు మొదలవగానే సందర్శకులందరూ తిట్టుకుంటూ కార్లలోకి పరిగెత్తారు. కుండలు, తట్టలు పెట్టినవాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. అమ్మకాలు పోయినట్టే. అయినా డేరాల్లో ఎవరి మొహంలోనూ విసుగు లేదు. మా పక్కన నిలబడ్డ పెద్దాయన కొండవైపు చూసి, మా చేను మీద కూడా పడుతూ ఉంటే బాగుండు అన్నాడు. నేను తెలుగులో చెప్పగానే నాన్న తల ఊపాడు. "వానొస్తే మా మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి, పని నిల్చిపోతాది. అయినా వానను ఒక మాట అనం" అని ఆయనకి చెప్పమన్నాడు. చెప్పాను. నేసేవాడు కాళ్ళు దించి తొక్కడానికి మగ్గం కింద గుంట ఉంటుందని వివరించేసరికి వాన వెలిసింది.

ఆగస్టులో నావహో పండగ నాన్నదే. నాట్యాల వైపు, వెండి పని వైపు తొంగి కూడా చూడలేదు. ఉన్ని తివాచీలు నేసే ఒక పెద్దావిడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు, ఇంక లేవలేదు. నావహో మగ్గం నిలువుగా ఉంటుంది. పడుగు పైనుంచి కిందికి బిగించి ఉంటుంది, నేసేవాళ్ళు నేల మీద కూర్చుని కింది నుంచి పైకి నేసుకుంటూ పోతారు. తొక్కుడు బల్ల లేదు. నాడె, అంటే పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే ముక్క, అదీ లేదు. పేక దారాన్ని రంగు రంగుకీ విడిగా వేళ్ళతోనే దూర్చి, కర్రతో చేసిన దువ్వెనతో కొట్టి బిగిస్తారు. "నాడె యాడ?" అని మొదలుపెట్టాడు నాన్న. తర్వాత "డిజైన్ అట్ట యాడ?" మా దగ్గర మగ్గం మీద డిజైన్ తెచ్చే జకార్డు యంత్రానికి చిల్లులు కొట్టిన అట్టలుంటాయి, అవి లేనిదే బుట్టా పడదు. ఆవిడకి నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ తల వేలితో తట్టి చూపించింది. నాన్న కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఇద్దరూ నన్ను పక్కకి నెట్టి సొంతంగా మొదలుపెట్టారు. ఆయన తన ఫోన్లో మా ఇంటి మగ్గం ఫోటో చూపించాడు. ఆవిడ చీర అంచు జరీని పెద్దది చేసి చూసి, వేళ్ళు చూపించి ఎన్నాళ్ళు అని అడిగింది. తన తివాచీకి నెలలు అని చెప్పింది, గొర్రెల నుంచి ఉన్ని తీయడం, దువ్వడం, వడకడం, రంగులు కాచడం అన్నీ కలిపితే ఇంకా ఎక్కువ. ఒక తివాచీ మూల నాన్న కంట్లో పడింది. నిండు అంచుని కోసుకుంటూ లోపలి నుంచి బయటికి ఒక సన్నటి వేరే రంగు గీత. "ఇది తప్పు పోయిందా?" అన్నాడు. కాదు, కావాలనే. తన మనసు ఆ అంచు లోపల చిక్కుపడి ఉండిపోకుండా నేసేవాళ్ళు కొందరు వదిలే దారి అది. నాన్న బాగా ఆలోచించి, "మా కాడ అట్ల గీత వదిల్తే షావుకారు కూలి కోస్తాడు" అన్నాడు. అది అనువదించగానే ఆవిడ పగలబడి నవ్వింది. ఇక్కడా కొనేవాళ్ళు కొందరు అలాగే తగ్గించి అడుగుతారంది.

ఆ తివాచీలు ఎక్కడ అమ్ముతారో చూస్తానని నాన్న పట్టుబట్టాడు. ఒక వారాంతం గనాడోలోని హబ్బెల్ ట్రేడింగ్ పోస్ట్‌కి, అక్కడి నుంచి క్యానియన్ డి షెయ్‌కి పోయాం. లోరెంజో హబ్బెల్ అనే వ్యాపారి 1878లో కొన్న దుకాణం అది, ఇప్పటికీ నడుస్తోంది, నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో. అడుగు వేస్తే చెక్క నేల కిర్రుమంటుంది. ఒక గది నిండా తివాచీలు గుట్టలుగా. గోడల మీద చిన్న చిన్న చట్రాల్లో తివాచీల రంగు బొమ్మలు కనిపించాయి. అవి ఉత్త అలంకారం అనుకున్నాను. హబ్బెల్ చిత్రకారుల చేత వేయించిన నమూనాలవి. నావహో ఆడవాళ్ళు వచ్చి చూసుకుని నేసేవారు. ఎర్ర రంగు గనాడో శైలి అలా పేరు పడింది. పిండి, కాఫీ, చక్కెర అరువిచ్చి, తివాచీతో లెక్క చెల్లు వేసుకునేవారు. ఇదంతా చెప్తుంటే నాన్న చప్పరించాడు. "పట్టు ఇచ్చి, డిజైన్ ఇచ్చి, అడ్వాన్స్ ఇచ్చి, చీర తీసుకునేది. తెలిసిన కతే." హబ్బెల్ మంచివాడని నావహోలే చెప్తారని నేను అన్నాను. "మంచి షావుకార్లు మాకూ ఉండారు" అన్నాడు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

క్యానియన్ డి షెయ్ గ్రాండ్ క్యానియన్ కన్నా చిన్నది, నాకు దానికన్నా ఇష్టమైనది. ఎర్ర గోడల మధ్య ఇప్పటికీ నావహో కుటుంబాలు మొక్కజొన్న, పీచ్ చెట్లు పెంచుకుంటాయి. ఆ లోయలో స్పైడర్ రాక్ అని సుమారు 750 అడుగుల రాతి స్తంభం ఒంటిగా నిలబడి ఉంటుంది. నావహోలకి నేత నేర్పిన స్పైడర్ వుమన్ దాని మీదే ఉంటుందట. మగ్గం అడ్డకర్రలు ఆకాశం, భూమి తాళ్ళతోనూ, పడుగు కర్రలు సూర్యకిరణాలతోనూ చేశారని కథ. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "మనకు భావనారుషి, వీళ్ళకు సాలెపురుగమ్మ" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో హైవే పక్క ఒక దుకాణంలో ఆగాం. నావహో డిజైన్ తివాచీలు అరవై డాలర్లకి. నాన్న ఒకటి తిరగేసి, అంచు చూసి, మిషన్ నేత కాదు గానీ ఆ మగ్గం మీదిది కాదన్నాడు. పక్కన ఉన్న ఒక నావహో కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు, ఇలాంటివి మెక్సికో నుంచి, ఇండియా నుంచి వస్తాయని. కార్లో దాదాపు ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చేదాకా నాన్న నోరు విప్పలేదు. ధర్మవరం డిజైన్లని పవర్‌లూమ్ మీద దించి సగం ధరకి అమ్మేవాళ్ళ వల్ల మా వీధిలో ఎన్ని మగ్గాలు మూతపడ్డాయో ఆయనకి తెలుసు. దానికీ చట్టం ఉంది, 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం. ఇక్కడా ఉంది, 1990లో వచ్చింది, తెగలవాళ్ళు చేయనిదాన్ని వాళ్ళు చేసినట్టు చెప్పి అమ్మితే నేరం. "రెండు చోట్లా చట్టం ఉండాది, రెండు చోట్లా సరుకూ ఉండాది" అన్నాడు చివరికి. మ్యూజియం పండగల విలువ నాకు ఆ మాటతోనే తెలిసింది. అక్కడ చేసినవాళ్ళే ఎదురుగా కూర్చుని అమ్ముతారు, మధ్యలో ఇంకో చెయ్యి ఉండదు.

సెప్టెంబర్‌లో వాన, చలి రెండూ లేని రోజుల్లో గ్రాండ్ క్యానియన్ అంచు మీదే బొమ్మల పండగ జరుగుతుంది. సెలబ్రేషన్ ఆఫ్ ఆర్ట్ అంటారు, 2009లో మొదలైంది. చిత్రకారులు వారం రోజులు రిమ్ మీద, అంటే లోయ అంచు మీద, అక్కడా ఇక్కడా ఈజిల్ (కాన్వాసు నిలబెట్టే చట్రం) పెట్టుకుని ఆరుబయటే వేస్తారు. ఆ దారిన పోయేవాళ్ళు ఆగి చూడొచ్చు, మాట్లాడొచ్చు. ఒక పొద్దున క్విక్ డ్రా. అందరూ లోయ పక్కనే ఉన్న చిన్న ఊరి దగ్గరి అంచు మీద చేరి, రెండు గంటల్లో బొమ్మ ముగించాలి. ఆ వెంటనే వేలం, రంగు ఆరకుండానే. అమ్మానాన్నని తీసుకుపోయిన రోజు గాలి విపరీతం. ఈజిళ్ళు పడిపోకుండా సంచుల్లో రాళ్ళు వేసి వేలాడదీశారు. నాన్న ఒక్కొక్కరి వెనకా నిలబడి పరిశీలిస్తున్నాడు. ఒకాయన కాన్వాసు మీద ఊదారంగు ముద్దలు తప్ప ఏమీ లేవు. "ఈయన లోయ వేయకుండా నీడలు వేస్తాండాడే" అన్నాడు నాన్న. నేను అడిగితే ఆ చిత్రకారుడు బ్రష్ ఆపకుండానే చెప్పాడు. రాళ్ళు ఎక్కడికీ పోవు, నీడలు పోతాయి, అందుకే ముందు నీడల్ని పట్టేస్తా, మిగతాది తర్వాత.

ఆ మాట విన్నాక తలెత్తి చూస్తే లోయ మారిపోయింది. మైళ్ళ కొద్దీ రాయిని ఒకేసారి మింగాలని చూడకుండా, ఒక గుట్ట నీడ పక్క గుట్ట మీదికి పాకడం మాత్రమే చూస్తూ కూర్చున్నాను. చుట్టాలకి తర్వాత అదే చూపించేదాన్ని. మీరొక్క నీడని పట్టుకోండి, అరగంట దాన్నే చూడండి అని. పిల్లలు కూడా కాస్త కుదురుగా కూర్చునేవారు.

బొమ్మలు వేసేవాళ్ళకీ ఆ లోయకీ సంబంధం పాతదే. 1873లో థామస్ మోరాన్ వచ్చి చూసి వెళ్ళి, ఏడడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు కాన్వాసు వేస్తే అమెరికా కాంగ్రెస్ పదివేల డాలర్లకి కొంది. ఈ చోటి గురించి దేశంలో చాలామందికి తెలిసింది అలా. 1901లో దక్షిణపు అంచుకి రైలు వచ్చాక శాంటా ఫే రైల్వే చిత్రకారులకి టికెట్లు, బస ఇచ్చి బొమ్మలు తీసుకునేది, ప్రచారానికి. వాళ్ళందరిలో నాకు నచ్చినవాడు గున్నార్ విడ్‌ఫోర్స్ అనే స్వీడన్ మనిషి. నీటిరంగులతో ఆ రాతి పొరల్ని ఒక్కొక్కటీ ఓపిగ్గా వేసేవాడు. 1934లో అక్కడే పోయాడు, అక్కడి శ్మశానంలోనే సమాధి. ఉత్తరపు అంచున ఒక చోటికి ఆయన పేరు పెట్టారు.

పండగ బొమ్మలన్నీ తర్వాత జనవరి దాకా కోల్బ్ స్టూడియోలో పెడతారు. అంచుకి వేలాడుతున్నట్టుండే చెక్క ఇల్లు అది, ఎల్స్‌వర్త్, ఎమరీ కోల్బ్ అనే అన్నదమ్ములు 1904లో మొదలుపెట్టింది. కంచర గాడిదల మీద లోయలోకి దిగేవాళ్ళని పొద్దున ఫోటో తీసి, పైన నీళ్ళు లేవు కాబట్టి నాలుగున్నర మైళ్ళు కిందికి పరిగెత్తి ఊట దగ్గర ఫోటోలు కడిగి, వాళ్ళు తిరిగొచ్చేలోపు మళ్ళీ పైకి పరిగెత్తుకొచ్చి అమ్మేవారట. మూడు వేల అడుగుల దిగుడు, ఎక్కుడు, రోజూ. ప్రదర్శనలో బొమ్మల కింద వేల డాలర్ల ధరలు చూసి అమ్మ గుండె పట్టుకుంది. నాన్న మాత్రం ధర ఎక్కువేం కాదన్నాడు, ఆ రాళ్ళ సంచీ మోసుకుపోవడానికే సగం కూలి అయిపోయుంటుందని.

అదే సీజన్‌లో రిమ్ మీద సంగీత ఉత్సవం కూడా ఉండేది, వయొలిన్లు, చెల్లోలు. నాకు ఆ సంగీతం పెద్దగా ఎక్కదు. అయితే ఒక సాయంత్రం నావహో, హోపీ బడిపిల్లలు సొంతంగా రాసిన ముక్కలు ఒక క్వార్టెట్, అంటే నలుగురి బృందం, వాయించింది. తన ముక్క రాగానే ముందు వరసలో ఒక పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది, పక్కన ఉన్న అమ్మమ్మ ఆ చేతులు లాగేసింది. అది మాత్రం మర్చిపోలేదు.

మేం టెక్సస్‌కి మారిపోయాం. మ్యూజియంలో విడి విడి పండగలు కూడా ఆగిపోయి, అన్ని తెగలవాళ్ళకీ కలిపి ఒకటే హెరిటేజ్ పండగ చేశారని తెలిసింది. ఖర్చు కలిసొస్తుందేమో. ఒక్క తెగకే రెండు రోజులు పూర్తిగా ఇచ్చే తీరిక అందులో ఉంటుందా అని మాత్రం అనుమానం.

ధర్మవరం తిరిగి వెళ్ళిన ఏడాది నాన్న పాత నులక మంచం కోళ్ళు ఊడగొట్టి నిలువు చట్రం చేయించాడు. కర్ణాటకలోని చళ్ళకెర సంత నుంచి కంబళ్ళ ఉన్ని తెప్పించుకున్నాడు. నాడె లేకుండా, అట్ట లేకుండా, వేళ్ళతో ఒక జానెడు అంచుతో కాళ్ళ పట్టా నేశాడు. వంకర తిరిగింది, మూలలు రెండు లాక్కుపోయాయి. అంచులో ఎర్ర గీత మాత్రం కచ్చితంగా వదిలాడు. వీడియో కాల్లో గర్వంగా చూపించాడు. గుమ్మం దగ్గర వేసి అందరినీ కాళ్ళు తుడుచుకోమంటాడు. అమ్మ తీసి బీరువాలో పెడుతుంది. ఆయన మళ్ళీ తెచ్చి గుమ్మంలో వేస్తాడు. కిందటి వారం ఫోన్ చేసినప్పుడు కూడా దాని మీదే గొడవ నడుస్తోంది.